పోటు వచ్చేలోగా

ఆటు మమ్మల్ని బురదలో నిలబెట్టి పోయింది,
నన్నూ, రెండు కర్రకాళ్ళ మీద నా పడవనూ.
దాని పేరు లూవార్న్. మా బ్రెటన్‌లో నక్క.
పదకొండుంబావుకి నీళ్ళు చుక్కానిని వదిలాయి,
నాలుగున్నరకి మళ్ళీ పట్టుకుంటాయి.
సముద్రం వాయిదాలు ఇవ్వదు.

అడుగున ఏడాది పంట:
నాచు, గుల్లలు, పేరు తెలియని మెత్తటివేవో.
గీకుడు చెక్కతో అయితే రెండు రోజులు,
ప్రెషర్ వాషర్‌తో గంటన్నర.
అందుకే కదా సగం సగం వేసుకుని కొన్నాం,
పసుపు డబ్బా మీద మార్కర్‌తో రెండు పేర్లు రాసుకున్నాం,
బ్లువెన్, ఎఫ్లామ్,
మాటలున్న రోజుల్లో.

స్విచ్ వేశాను.
మ్‌మ్‌మ్.
అంతే. ఒక మూలుగు,
ఆపైన టక్కుమని మౌనం.

ప్లగ్గు తీసి పెట్టాను. దాని మీది ఎర్ర గుండీ నొక్కాను.
వలల కొట్టంలోని ఆ సాకెట్టుకే కాఫీ కెటిల్ తగిలించాను:
కెటిల్ బుసబుసా పొంగింది.
కరెంటుకి నాతో తగవు లేదు.
నలభై మీటర్ల ఎక్స్‌టెన్షన్ తీగ,
చుట్ట విప్పకుండానే వాడుతున్నాను.
విప్పమని సూచనల పుస్తకం పదకొండు భాషల్లో చెప్పింది,
అందులో మా భాష లేదు.
అయినా విప్పాను.
అతుకు తడవకుండా బోర్లించిన బకెట్టు మీద పెట్టాను.
మ్‌మ్‌మ్. టక్.

కుళాయి తిప్పే ఉంది. గొట్టంలో మెలిక లేదు.
జల్లెడ విప్పితే గోరంత పీత పిల్ల,
ఎండి, కాళ్ళు ముడుచుకుని.
పారేయబుద్ధి కాక గోడ మీద పెట్టాను.
మ్‌మ్‌మ్.

వేడెక్కి మోటారు తనంతట తాను కట్టేసుకుంటోంది.
చల్లారనివ్వాలి.
నేనూ పక్కనే రాయి మీద కూర్చున్నాను,
ఇద్దరం చల్లారడానికి.

రేవు గోడ మీద ఎఫ్లామ్, గంట నుంచీ.
నిరుడు తన లంగరు గొలుసు నా గొలుసు మీద వేశాడు.
నేను అన్నది అన్నాను,
అతను విన్నది విన్నాడు.
అక్టోబరు నుంచీ మా మధ్య బోంజూర్ కూడా లేదు.

రెండు దాటాక దిగొచ్చాడు. బూట్లు బురదలో పచక్ పచక్.
నా వైపు చూడలేదు.
"తుపాకీ నొక్కారా?" అన్నాడు, మిషన్‌తో.
"మోటారు తిరగకుండా నొక్కి ఏం లాభం?"
నేనూ మిషన్‌తోనే అన్నాను.
"ముందు అది నొక్కాలి. తర్వాత స్విచ్."

నొక్కాను.
గొట్టం దగ్గింది.
తుప్పురంగు ఉమ్మొకటి బురదలో పడింది.
అక్టోబరు నీళ్ళు.

ఆఖరుసారి వాడింది అతనే.
గొడవైన సాయంత్రం, ఒత్తిడి వదలకుండా,
అలాగే చుట్టి నా కొట్టం గుమ్మంలో పడేసి పోయాడు.
ఆరు నెలలు
కక్కలేక మింగలేక
చీకట్లో పడుంది పాపం.

ఆ నీళ్ళని అతనూ చూశాడు.
చెవులు ఎర్రబడ్డాయి. గాలికేనేమో.

స్విచ్.
మిషన్ అరిచిన అరుపుకి
గోడ మీది సీగల్ పక్షులన్నీ లేచాయి,
పీత పిల్లని ఏదో ఎత్తుకుపోయింది.
నక్క కడుపు మీంచి ఆకుపచ్చ తోలు
పట్టీలు పట్టీలుగా ఊడింది.
అవతలి పక్కన గీకుడు చెక్క చప్పుడు.
నేను రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు.

నాలుగున్నరకి నీళ్ళు మా బూట్లని అడిగాయి.
చుక్కాని వెనక చాపంత నాచు మిగిలిపోయింది,
పోనీ, వచ్చే ఆటుకి.
కుళాయి కట్టేశాను. స్విచ్ ఆపాను.
మళ్ళీ ఒకసారి తుపాకీ నొక్కి పట్టాను,
గొట్టం చేతిలో మెత్తబడేదాకా.

ఆ ఆఖరి చుక్క పడేదాకా ఎఫ్లామ్ ఆగాడు.
అప్పుడన్నాడు, బోంజూర్ అని,
సాయంత్రం ఐదింటికి,
మోకాళ్ళ దాకా నీళ్ళలో.