ఇరవై మూడో రోజు

పొంతియానక్‌లో టైర్ల కొట్టు వెనక
ఆరడుగుల గాజుతొట్టి.
ఎర్ర అరోవనా ముద్ద ముట్టి
ఇరవై రెండు రోజులు.

ఒలిచిన రొయ్యని నోట్లోకి తీసుకుంటుంది,
పంటికింద రాయి తగిలినట్టు ఉమ్మేస్తుంది.
మిడత వేస్తే మీసం కదపదు.
కుడికన్ను కిందికి జారిపోయింది,
పోయిన చిల్లర వెతుక్కుంటున్నట్టు.

పైకి చూడ్డం నేర్పాలని బోంగ్ సుయ్‌ఖిమ్
పసుపు పింగ్‌పాంగ్ బంతి తేల్చాడు.
మూడో వంతు నీళ్లు మార్చి, ఉప్పు వేసి,
ముప్ఫై డిగ్రీలకి వెచ్చబెట్టాడు.
తనూ రాత్రిపూట అన్నం మానేశాడట.
వాళ్లావిడ చెప్పింది నాకు,
నవ్వకుండా.

నేను పంక్చర్లు వేసేవాణ్ణి.
నిన్న రాత్రి కరెంటు పోతే
ఎలా ఉందో చూద్దామని
మూత తీసి టార్చి పట్టాను.
గోడమీంచి బల్లి జారింది.
నీళ్లు ఒక్క చప్పట్టు కొట్టాయి.
వెలుగులో బంతి,
దాని పక్కన ఇంకా ఆడుతూ
తోక ముక్క.

జేబులో వేసుకున్నాను.

పొద్దున వేసిన రొయ్యని
మారుమాట లేకుండా మింగింది.
"ఉప్పు పనిచేసింది" అన్నాడు యజమాని,
రెండు గిన్నెల గంజి తెప్పించి.

నేను లారీ కిందికి దూరాను.
ట్యూబులైటు దగ్గర
ఇంకో బల్లి.