తూకం

చెంగల్రాయులు నాయన. తొంభై ఒకటి.
యాభై రెండేండ్లు చిత్తూరు బెల్లం మండీలో తూకం.

ఇంటికొస్తే వెంట చీమలొచ్చేవి.
చొక్కా దండెం మీదేస్తే
తెల్లారేసరికి తీగంతా నల్లటి వరస.
అమ్మ తిడతా దులిపేది.

నలుగురం.
మా ఫీజులన్నీ ఆ చొక్కా జేబులోంచే.
నోట్లు ఒకదానికొకటి అంటుకోని వచ్చేవి,
హెడ్మాస్టరు వేలు తడుపుకోకుండానే లెక్కపెట్టేవాడు.

చక్కెర జబ్బొచ్చినాక
చప్పటి కాఫీ తాగతా
“మండీలో పీల్చిన వాసనే ఈ జన్మకి చాల్లే” అనేవాడు.

నిన్న నీవా ఒడ్డున
మోసినోళ్ళలో ఒక ముసలి హమాలీ
పాడె దించి, భుజం తుడుచుకోని
“యాభై కిలోలుంటాడు, అంతే” అన్నాడు.

మండీ లెక్క ఎప్పుడూ తప్పలేదంటారు.
ఈ ఒక్క తూకం మాత్రం
నేనొప్పుకోను.