వెనక సీటు

బ్రేకు నా చేతిలో లేదు.
హ్యాండిలుంది గానీ తిరగదు,
పట్టుకోడానికే.
ముందు పెంచలమ్మ, వెనక నేను,
మధ్యలో పొడుగాటి గొలుసు.

ఫత్తేఖాన్‌పేట ఖాదర్ బాషా
రెండు పాత సైకిళ్లు కోసి ఒకటిగా అతికాడు.
అతుకు దగ్గర వేలు పెడితే ఇంకా గరుకే.
"నున్నగా అరగదీసిస్తానమ్మా" అన్నాడు. వద్దన్నా.
నాకది ఆనవాలు.

"రా మే, మస్తానమ్మా" అని వీధిలో బెల్లు.
తెల్లారిందో లేదో ఆమె చెప్పాలి.
నాకైతే రైసుమిల్లు తవుడు వాసన
చల్లగా తగిలితే చీకటి, వెచ్చబడితే ఎండ.

మైపాడు రోడ్డు మొదట్లో అన్నీ చెప్పేది.
అదిగో కొంగలు, అదిగో నీలం చీరామె,
అబ్బ, ఎంత బాగుందో మే.
ఊపిరి చాలక ఒక్కో మాటా దారిలో రాలిపోయింది.
ఇప్పుడు మిగిలినవి మూడే:
గుంత. మలుపు. లే.
తక్కింది ఆమె వీపు చెబుతుంది.

రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు నీళ్లను చరుస్తుంటాయి.
ఒక చప్పుడు వెనకబడి ఇంకోటి అందేలోగా
ఎన్ని ఊపిర్లో లెక్కేస్తా.
తొమ్మిదయితే నత్తనడక,
ఆరయితే పెంచలమ్మ నవ్వుతుంది.
సరుగుడు తోపు హోరు మొదలైతే సముద్రం ఇంకో మైలు.
ఎదురుగాలంతా ఆమెకే.
ఆమె చెవుల పక్కనించి జారిందే నాకు,
ఫ్యాక్టరీలో తలలు ఒలిచిన వేళ్ల
నీచు వాసనతో సహా.

ఒకరోజు టీకొట్టు దగ్గర ఎవడో అన్నాడు,
"పాపం, వెనకామె ఊరికే కూచుంది రా,
లాగేదంతా ముందామే."
పెంచలమ్మ ఒక్క మాట అనలేదు.
కాళ్లు రెండూ పెడళ్ల మీంచి ఎత్తి
అటొకటి ఇటొకటి చాచింది.
నాకెట్టా తెలుసంటారా?
గొలుసు బరువెక్కింది.
అర మైలు ఇద్దర్నీ నేనే లాగా.

పోటీ కృష్ణపట్నం వైపు, ఇరవై కిలోమీటర్లు.
ముందు కూచునే వాళ్లకే కళ్లు,
వెనక సీట్లన్నీ మావి.
పద్దెనిమిది దాటాక ఆమె ఎడమ తొడ పట్టేసింది.
ఆమె చెప్పలేదు.
ఆమె ఒప్పుకునే లోపే నా అరికాలికి తెలిసింది.
ఆ మూడు మాటల్లో ఒకటి
మొదటిసారి నేను తీసుకున్నా:
"లే మే!"
ఇద్దరం సీట్ల మీంచి లేచాం.
ఖాదర్ బాషా అతుకు కిర్రుమంది,
ఊడలేదు.

నాలుగో స్థానం.
మూడో వాళ్లకీ మనకీ ఎంత తేడా అనడిగితే
"నీ జడంత" అంది.
ఆ రాత్రి జడ ముందుకేసుకుని
మొదలు నించీ కొస దాకా
చాలాసేపు వేళ్లతో కొలుచుకున్నా.

ఈ వారం ఆమెకు రాత్రి డ్యూటీ.
వసారాలో సైకిలుకు స్టాండు వేసి ఎక్కా,
వెనక సీటే.
తొక్కుతుంటే
ముందు పెడళ్లు కూడా తిరుగుతున్నాయి.
ఒకటి టక్కు టక్కుమంటోంది,
నూనె వెయ్యాలి.