పర్లేదు

హాల్ టికెట్ మీద ఫోటో మూడేళ్ల నాటిది.
అప్పటికింకా నాకు మీసం రాలేదు,
ఫ్లూయిడ్ మెకానిక్స్ రెండుసార్లు పోలేదు.
రాత్రి ఐసు ఫ్యాక్టరీలో జేబు తడిసి
కాలేజీ ముద్ర నా గడ్డం మీదికి కారింది.
"ఇది నువ్వేనా?" అంది ఇన్విజిలేటర్ మేడం.
తలూపాను.
నోరు తెరిస్తే
చదివిందంతా ఒలికిపోతుందని భయం.

కిటికీలోంచి, రెండు బిల్డింగుల నడుమ
బెత్తెడు సముద్రం.

పోయినసారి పేపరుని
కింది నుంచి పైకి చదివాను,
అప్పిచ్చినవాడి వీధిలోంచి
తల దించుకుని పోయినట్టు.
ఈసారి మొదటి ప్రశ్నే పలకరించింది.
రెండోదీ తెలిసిన మొహమే.
మూడోది
మొన్న తెల్లారగట్ల, రెండు లోడుల మధ్య,
ఉప్పు బస్తా మీద కూచుని
లోవరాజు ఫోన్ టార్చి వెలుగులో చేసిందే.
పైపు వ్యాసం మార్చారంతే,
నీళ్లు అవే.
ఇరుకులో పడ్డ నీళ్లు
ఎందుకు పరిగెడతాయో రాస్తూ రాస్తూ
చెయ్యి కూడా పరిగెట్టింది.

పదకొండూ పదికి లేచి నిలబడ్డాను.
"మేడం, అడిషనల్."

ఆ మాట ఇన్నాళ్లూ ముందు బెంచీల వాళ్లది.
గది గదంతా తలెత్తి చూసింది.
ఐసు దిమ్మలు మోసిన వేళ్లు
తెల్లదారం ముడి వెయ్యలేక వణికాయి.
పక్క వరుసలో ఉమామహేష్
పెన్ను క్యాపు తీస్తున్నాడు, పెడుతున్నాడు.
టిక్. టిక్.
ఆ చప్పుడు నాకు తెలుసు,
రెండేళ్లు అది నాదే.
అటు చూడలేదు.
చూడకపోవడం ఇప్పటికీ గుచ్చుతోంది.

గేటు దగ్గర మావాళ్లు చుట్టుముట్టారు.
"ఎలాగ రాసేవురా?"
"పర్లేదు."

పోయిందని చెప్పడానికి నాకు బోలెడు మాటలొచ్చు:
టఫ్‌గా ఇచ్చాడు, టైం చాల్లేదు,
ఆ చాప్టర్ మనకి చెప్పనే లేదు.
బాగా రాశానని చెప్పడానికి
ఒక్కటీ నోటికి అలవాటు లేదు.
మా ఇంట్లో బాగున్నదాన్ని బాగుందనరు.
వల తెగేంత చేప పడ్డరోజు కూడా
"ఏదో, పర్లేదు" అనే చెబుతాడు నాన్న,
సముద్రం వింటుందని.
జొరం తగ్గినా పర్లేదు,
ఇల్లు కారినా పర్లేదు.
ఉన్న ఒక్క దుప్పటీ
తలో వైపు లాక్కుని పడుకుంటాం.

పెదవాల్తేరు దిగి బీచ్ రోడ్డు దాకా నడిచాను.
పొత్తులమ్మే ఆవిడ విసనకర్ర ఆపి చూసింది.
చెప్పేద్దామా అనిపించింది.
పొత్తు కొన్నాను.
నిమ్మకాయ ఇంకాస్త రాయమన్నాను.
అంతకు మించి పండగ చెయ్యడం రాలేదు.

రాత్రి మళ్లీ హార్బర్.
లైట్‌హౌసు వెలుగు బోట్ల మీదుగా పోతోంది, వస్తోంది.
క్రషర్ నోట్లో దిమ్మ పడితే
చెవులు దిబ్బళ్లు వేసే మోత.
ఈ మోతలో ఎవరికి వినబడుతుందిలే అని
గొంతు చించుకుని అరిచాను:
"పరీక్ష బాగా రాశాను!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

చీకట్లో
నా మాట ఒక్కటే
షెడ్డు రేకులకి తగిలి తిరిగొచ్చింది.
ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు.
అటు గోడవైపు నుంచి పోలయ్య తాత
బీడీ వెలిగించుకుని, నెమ్మదిగా:
"మరైతే ఆదివారం లోడు
ఎవులు దించుతారేటి?"

నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లూ వచ్చాయి,
చీకటి కాబట్టి పర్లేదు.

"నేనే తాతా,"
అన్నాను.
"నేనే."