మూడో టబ్బు

అచ్చంపేట డిగ్రీ కాలేజీల అటెండరును.
జువాలజీ నస్రీన్ మేడం చేతికి థర్మామీటరిచ్చి
"కుర్మయ్యా, రెండు గంటలకొకసారి చూసి రాయి" అన్నది.
నా పదో తరగతి చేతిరాతకు
అంత మర్యాద దొరికింది అదే మొదలు.

మూడు టబ్బులు. ఒక్క కప్ప పెట్టిన గుడ్లే మూడిట్ల.
ఒకటి మంచినీళ్ల కుండల పక్క నీడకు,
ఒకటి కిటికీ కాడ,
మూడోది డాబా మీద.
పగలు ముప్పై నాలుగు దాటేది.
చెయ్యి ముంచితే
పసిపిల్లకు పోసే నీళ్లంత వెచ్చగ.

తోకలతోని ఈదినయి. పాలకూర ఉడికించి వేసిన.
కాళ్లొచ్చినయి, తోకలు ఒంట్లకే ఇంకినయి.
ఆడవో మగవో పైకి తెల్వది.
మేడం కోసి, మైక్రోస్కోపు కింద చూసింది.
ముందే కత్తిరించి దాచిన తోక కొసలు
హైదరాబాదు పంపింది.

జవాబొచ్చిన నాడు ఆమె చాయ్ అట్లనే చల్లారింది.
నీడ టబ్బుల లెక్క కుదిరింది, సగం సగం.
మూడో టబ్బుల
పుట్టుకకు ఆడవని రాసున్న పదకొండింటికి
కడుపుల మగతనం.

"మరి గది అబద్ధమా, గిది అబద్ధమా?" అన్న.
"రెండూ నిజమే. రాసింది తల్లిదండ్రులు,
దిద్దింది ఎండ."
అన్నీ ఇట్లనే కావట.
ఏదో దేశంల తోకున్న కప్పజాతి ఒకటి
వేడి తగిలితే ఆడదైతదట.
ఎండ కూడ ఒక్క మాట మీద నిలవది.

ఊడ్చే ఈదమ్మ ఇనుకుంట నవ్వింది.
"వానల్లేనప్పుడు రోకలికి కప్పను కట్టి
ఇల్లిల్లు తిరిగినం సారు, చిన్నగున్నప్పుడు.
ఆడోళ్లు బిందెలతోని నీళ్లు గుమ్మరిచ్చిండ్రు.
తల్లీ అని మొక్కినం.
అది తల్లో తండ్రో ఎవరు చూసిండ్రు?"
చీపురు గోడకు ఆనిచ్చింది.
"మళ్ల దాన్ని ఇప్పి ఇడిసినమా... యాదికి లేదు."

మిరుగు దాటినంక పెద్దవాన పడ్డది.
మా ఊరి పక్క, పని బందైన గ్రానైటు గుంత నిండింది.
ఆ నల్లరాయి రాత్రైనా సెగ ఇడ్వది.
తెల్లందాక బెకబెక.
"ఈ ఏడు కప్పలు మస్తున్నయి, కాలమైతది"
ఊరంత మురిసింది.

నేను గట్టున కూసున్న.
అరిచేటివి మగవే, మేడం ఎన్నడో చెప్పింది.
ఆడవి సప్పుడు చెయ్యకుంట
ఇని వస్తయి.
పిలుపులు లెక్కవెట్టవోయి తప్పిన.
అంగి జేబుల థర్మామీటరుండె.
టార్చి వెయ్యకముందే, నీళ్లల్ల
చేతికి తెలిసింది.

పొద్దుగాల గుడ్ల కోసం గుంత చుట్టూ తిరిగిన.
ఉన్నయి. రెండు చోట్ల, నురుగు లెక్క.
తక్కువనా? ఏమో.
పోయినేటి లెక్క ఎవరి దగ్గరా లేదు.

కొత్త నోటుబుక్కు తీసి
తారీఖు వేసిన.