దాలమ్మ వేలు

పలాసలో మా జీడి ఫ్యాక్టరీకి
కంపెనీ పెట్టె వచ్చిన రోజు
మెడలో తాడు, తాడుకి ఫోటో వేలాడేసుకున్న కుర్రాడు
ఆడకూలీలందర్నీ వరసలో నిలబెట్టి
ఒక్కొక్కరి వేలూ గాజు మీద ఆనించమన్నాడు.
మొదటి ఏడాది ఉచితం అన్నాడు.
గుమస్తాని, నేనే సంతకం పెట్టాను.

సాలిన దాలమ్మ వేలు దానికి ఆనలేదు.
తుడిచి పెట్టింది. కొంగుకి రుద్ది పెట్టింది.
కొబ్బరినూనె రాసి పెట్టింది.
మనిషి లేదని ఎర్రగా మెరిసింది పెట్టె.
ముప్పయ్యేళ్ళు పిక్క కొట్టిన చెయ్యి.
జీడి సొన గీతలన్నీ తినేసి
వేలి కొసని గులకరాయిలా నున్నగా చేసింది.
"నాను ఈడే ఉన్నాను గదరా బాబూ,
దానికి కళ్ళు నేవా యేటి?" అంది.

కంపెనీకి రాశాను. ఒక నంబరిచ్చారు.
ఆ నంబరు వేసి మళ్ళీ రాస్తే
ఇంకో నంబరిచ్చారు.
విప్పి చూద్దామంటే, విప్పకూడదని
నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉందట,
నలభై మూడో పేజీలో.
ఈలోగా పదకొండు రోజులు
దాలమ్మ కొట్టిన పిక్కకి లెక్క లేదు.

కాశీబుగ్గలో, పాత బస్టాండు ఎదురుగా,
జెరాక్సు కొట్టు గేదెల దమయంతి
కూలి లెక్కల ప్రోగ్రాం ఒకటి రాసి
గుట్టుమట్లన్నీ కనబడేలా ఆరుబయట పెట్టేసింది,
వడియాలు ఎండబెట్టి
కాకికి కర్ర కూడా పెట్టనట్టు.
ఎవరైనా తీసుకోండి, నా పేరు మాత్రం చెరపకండి అంది.
కొల్లంలో ఎవడో, మొహం తెలీనివాడు,
అక్కడా జీడే, అక్కడా కాలిన వేళ్ళే,
అర్ధరాత్రి ఒక తప్పు దిద్ది పంపాడు.

మా గోడు విని రెండు రాత్రులు కూర్చుంది దమయంతి.
వేలు ఆనకపోతే పేరు అడుగు.
పేరు చెబితే నమ్ము.
అనుమానమైతే పక్క పీట మీది మనిషిని అడుగు.
అంతే రాసింది.
పరీక్షకని మొదట ఎక్కించిన పేరు
దాలమ్మ, పద్నాలుగు కేజీలు.
తొందరలో పిక్క బదులు 'పికక' అని పడింది,
అలాగే ఉండిపోయింది.

గెలిచామనుకోకండి.
పెద్ద ఫ్యాక్టరీలన్నీ కంపెనీతోనే పోయాయి.
మా ఏడు నెలల పాత లెక్కలు
ఇంకా ఆ పెట్టెలోనే ఉన్నాయి,
తాళం మాది కాదు.
దమయంతి కొట్టు అద్దె రెండు నెలలు బాకీ.

మొన్న అదే కుర్రాడు కొత్త పెట్టెతో దిగాడు.
"ఇక వేలు అక్కర్లేదు సార్, మా సొంత ఆవిష్కారం" అని
తెర వెలిగించాడు.

దాలమ్మ. పికక. పద్నాలుగు కేజీలు.

దమయంతి పేరు ఎక్కడా లేదు.
"ఆవిడెవరో మాకూ తెలీదు సార్,
ఊరికే నమూనా పేరు" అన్నాడు.

నేను కిటికీలోంచి కేకేశాను.
సొన చేతులు బూడిదలో అద్దుకుంటూ వచ్చి
తెరనీ, కుర్రాణ్ణీ, వాడి మెడలో తాడునీ చూసి
నింపాదిగా అడిగింది దాలమ్మ:
"అయితే ఆ పెట్టిలో నాను
ఎన్నాల్నుంచి పన్జేత్తన్నాను?
ఆ కూలి ఎవులిత్తారు?"