పంపకం

రాత్రి రెండున్నర. పలమనేరు బైపాసు.
కాటా గదిలో నేనూ, ఎర్ర అంకెలూ మేలుకోనుండాం.
పాల ట్యాంకరొచ్చి పళ్లెం మీద నిలబడింది.
నిలబడిందని నేననుకోవడమే గాని
అంకెలు ఒప్పుకోలేదు.
ఇరవైయేడు వేల ఐదొందలు, ఏడొందలు,
మళ్లీ ఐదొందల నలభై.
బ్రేకు మాట చక్రాలు విన్నాయి.
లోపల పాలు ఇంకా నడస్తానే ఉండాయి.

"క్లీనర్ని దించన్నా" అంటిని.
ఇంతియాజు కళ్లు నులుముకుంటా దిగినాడు,
దుప్పటితో సహా.
రవ్వంత సేపటికి పాలు కూచున్నాయి.
ఇరవైయేడు వేల ఆరొందలు.
"పాసే గదమ్మా" అన్నాడు మొగిలప్ప
చెవిమీది బీడీ తీస్తా.

"వెనక్కి పోయి ముందు చక్రాలొక్కటే పెట్టు."
పెట్టినాడు.
ఏడు వేల ఆరొందల ఇరవై.
ముందిరుసు మొయ్యాల్సింది ఏడు వేలే.
మొత్తం సరిపోయింది.
పంపకమే సరిపోలేదు.
ఈ మాట మా ఇంట్లో ఎవరన్నా
ఒక్కసారన్నా అనుంటే బాగుండు.

"ముందు బరువుంటే బండి నేలనంటుకోని పోతాదిలే."
"మొగిలి ఘాట్లో దిగేటప్పుడు
వెనకది కూడా ముందుకే గదన్నా వచ్చేది?"
బీడీ అంటించలేదు. మళ్లీ చెవిమీదికే పోయింది.
బండి తిప్పుకోని చల్లబెట్టే సెంటరుకు పాయ.

తిరిగొచ్చేసరికి నాలుగు కావస్తా ఉంది.
ముందు గదిలోంచి ఎనిమిదొందల లీటర్లు
పైపేసి వెనక గదికి తోడించినాడంట.
సెంటరు వాచ్‌మన్‌ని లేపేదానికే అరగంటంట.
ముందిరుసు: ఆరు వేల తొమ్మిదొందల అరవై.
మొత్తం: అదే ఇరవైయేడు వేల ఆరొందలు.
అవే పాలు.
ఒక్క చుక్క పెరగలా, తగ్గలా.

స్లిప్పు ఇచ్చినా తీసుకోడే.
నిచ్చెనెక్కి ముందు గదిని మెటికెలతో తట్టినాడు.
పైన బోలుగా పలికింది.
"ఇంతసేపూ ఇది నిండుగా ఉండె.
ఇప్పుడు దీనికి ఊగను చోటు దొరికిందమ్మా."

నిండు కుండ తొణకదంటారు.
తూకం కోసం వెలితి చేసిన కుండ సంగతి
నాకెవరూ చెప్పలా.

"మరెట్లన్నా?"
"ఎట్లేముంది. గేరు మీద దించుకోవాల,
బ్రేకు మీద కాదు.
మలుపొచ్చిందని పాలకు తెలీకుండా."
అప్పుడు స్లిప్పు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
ఇంతియాజు ఎక్కినాడు. దుప్పటి ఒక కొస
తలుపులో ఇరుక్కోని బయట ఊగతా పోయింది.

బండి పోయినాక సున్నా రావాల.
అంకె ఇరవై కాడే ఆగిపోయింది.
టైర్లు వదిలిపెట్టిన బురద.
చీపురు తీసుకోని బయటికి పోతిని.